సేవావ్రత - డాక్టర్ మేరీ గ్లౌరీ

గుంటూరుకు దక్షిణాన ప్రత్తిపాడు పరిసరాలలోని నల్లరేగడి నేలలు ప్రత్తికి, మిరపకు పెట్టింది పేరు. వానాకాలంలో ఆ నేలలపై ఎడ్లబండి సాగడం కష్టం. ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్లలో ఇటువంటి పల్లెల్లో కాన్పు కష్టమైతే తల్లిని పట్టణానికి చేర్చడమే ఒక గండం. చేర్చినా పురుష వైద్యుని చేత పరీక్ష చేయించుకోవడానికి చాలామంది స్త్రీలు సమ్మతించేవారు కారు. అటువంటి స్త్రీల కోసం, వారి బిడ్డల కోసం సముద్రాలు దాటి వచ్చిన త్యాగమూర్తి డాక్టర్ మేరీ గ్లౌరీ.

మేరీ 1887వ సంవత్సరం జూన్ 23న ఆస్ట్రేలియాలోని విక్టోరియా ప్రాంతంలో, బిర్రెగుర్రా అనే గ్రామంలో జన్మించారు. తొమ్మిదిమంది సంతానంలో ఆమె మూడవవారు. చిన్ననాటి నుండి చదువులో చురుకైన ఆమె విద్యార్థి వేతనం పొంది, 1910లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం నుండి వైద్యపట్టం అందుకున్నారు. స్త్రీలు వైద్యవిద్య నభ్యసించడం అరుదైన కాలమది. అనతికాలంలోనే ఆమె మెల్‌బోర్న్ నగరంలో నేత్రవైద్యురాలిగా పేరు గడించారు.

1915లో ఒక చిన్న పుస్తకం ఆమె జీవితాన్ని మలుపు తిప్పింది. అది స్కాట్లాండు దేశీయురాలైన డాక్టర్ ఆగ్నెస్ మెక్‌లారెన్‌ను గురించినది. భారతదేశంలో ఘోషా స్త్రీలకు వైద్యం అందించడానికై రావల్పిండిలో ఆసుపత్రి నెలకొల్పేందుకు పాటుపడిన వైద్యురాలు ఆమె. వైద్యం అందక మరణిస్తున్న భారతీయ శిశువులను గురించి చదివి మేరీ హృదయం ద్రవించింది. తన విద్యకు తగిన చోటు ఆ దేశమేనని ఆమె నిశ్చయించుకున్నారు. అయితే ఆవేశంతో వెంటనే బయలుదేరలేదు. స్త్రీల వ్యాధులు, ప్రసూతి వైద్యం, నేత్రవైద్యాలలో ఉన్నత విద్య నభ్యసించి, 1919లో ఎం.డి. పట్టం పొందారు. మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలో గుంటూరు చేరారు.

గుంటూరులో ఆమె యేసు మరియ జోజప్ప సభలో చేరారు. జె.ఎం.జె. సభగా ప్రసిద్ధమైన ఈ కన్యాస్త్రీల సంస్థను మతియాస్ వుల్ఫ్ అనే జెసూట్ గురువు 1822లో నెదర్లాండ్స్ దేశంలోని అమెర్స్‌ఫోర్ట్ నగరంలో స్థాపించారు. ఆ సభ సోదరీమణులు 1904లో గుంటూరుకు వచ్చారు. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత వారి వ్రతాలు. విద్య, వైద్యం వారి సేవామార్గాలు.

కాని వారి మార్గంలో ఒక గొప్ప అవరోధం ఉండేది. కన్యాస్త్రీలు వైద్యవృత్తి చేపట్టడాన్ని ఆనాటి కతోలిక సంఘ నియమాలు అంగీకరించేవి కావు. విధేయత వ్రతంగా స్వీకరించినవారు నియమాన్ని ఉల్లంఘించరాదు. అలాగని కళ్లెదుట కన్నుమూస్తున్న తల్లిని చూస్తూ ఊరకుండనూ రాదు. ఈ ధర్మసంకటాన్ని తీర్చేందుకు పదిహేనవ బెనెడిక్ట్ పోపు మేరీకి ప్రత్యేకానుమతి ప్రసాదించారు. కన్యాస్త్రీగా ఉంటూ వైద్యవృత్తిని కొనసాగించే అవకాశం ఆమెకు ఆ విధంగా లభించింది. ప్రసూతి వైద్యంతో సహా వైద్యసేవలకు కన్యాస్త్రీలందరికీ మార్గం సుగమమైనది 1936లోనే.

అప్పటికే గుంటూరులో లూథరన్ మిషనుకు చెందిన డాక్టర్ అన్నా కుగ్లర్ స్త్రీల కోసం ఆసుపత్రిని నెలకొల్పి ఉన్నారు. అయినా చుట్టుపక్కల గ్రామాల అవసరం తీరలేదు. సిస్టర్ మేరీ ఆఫ్ ది సేక్రెడ్ హార్ట్ అనే పేరు స్వీకరించిన మేరీ ఒక చిన్న మందులశాలలో పని ప్రారంభించారు. అదే కాలక్రమంలో సెయింట్ జోసఫ్ ఆసుపత్రిగా వృద్ధి చెందింది. చాలాకాలం అక్కడ ఆమె ఒక్కరే డాక్టరు. రోగులు లెక్కకు మిక్కిలి. ఒక్కరి చేతులతో ఈ పని తీరదని గ్రహించిన ఆమె స్థానిక యువతులకు మందులు కలపడంలో, రోగులకు పరిచర్య చేయడంలో, కాన్పు చేయడంలో శిక్షణ ఇచ్చారు. ఈ దేశపు మూలికా వైద్యాన్ని చులకన చేయక శ్రద్ధతో పరిశీలించారు.

విడివిడిగా శ్రమిస్తున్న కతోలిక ఆసుపత్రులన్నీ చేయి కలపాలన్నది ఆమె ఆకాంక్ష. తత్ఫలితంగా 1943లో కతోలిక ఆసుపత్రుల సంఘం ఏర్పడింది. వైద్యకళాశాల ఒకటి స్థాపించాలని కూడా ఆమె కలలు కన్నారు. ఆ కల ఆమె మరణానంతరం, 1963లో బెంగుళూరులో సెయింట్ జాన్స్ వైద్యకళాశాలగా నెరవేరింది.

మేరీ మరల స్వదేశానికి వెళ్లలేదు. ఎందరి బాధలనో తీర్చిన ఆమె క్యాన్సరు వ్యాధి బాధను ఓర్పుతో భరించి, 1957 మే 5న బెంగుళూరులో తుదిశ్వాస విడిచారు. 2013లో కతోలిక సంఘం ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది.

డబ్బు, పేరు, బంధుజనం ఉన్న జీవితాన్ని మేరీ వదులుకున్నారు గాని, తాను నేర్చిన విద్యను మాత్రం వదులుకోలేదు. దానినే సేవగా మార్చుకున్నారు. తాను లేనినాడు కూడా ఆ సేవ ఆగిపోకుండా దానిని పదిమంది చేతులకు అందించారు. వ్రతమంటే లోకాన్ని విడిచి దూరంగా తొలగిపోవడం కాదని, ఆపదలో ఉన్నవారికి చేరువ కావడమని ఆమె జీవితం చాటిచెబుతుంది.