కల్నల్ మెకంజీ

కాలిన్ మెకంజీ స్కాట్లండు నందలి లూయిస్ ద్వీపమున జన్మించి, 1783లో సైనికోద్యోగియై మద్రాసు చేరెను. భూములు కొలుచుచు ఆయన దేశమెల్ల సంచరించెను. నాడు గ్రామముల పూర్వకథలు కరణముల కవిలెలలోను, వంశావళులలోను, వృద్ధుల జ్ఞాపకములలోను నిలిచియుండెను. కవిలెలు చెదలపాలైనను, వృద్ధులు గతించినను ఆ కథలు అంతరించును. వానిని సేకరింప మెకంజీ పూనుకొనెను. కాని ఆయనకు దేశభాషలు రావు. ఏలూరి వాస్తవ్యుడగు కావలి వేంకట బొర్రయ్య ఆయనకు కుడిభుజమయ్యెను. శాసనములకు ప్రతులు వ్రాయించుచు, పెద్దలను విచారించుచు బొర్రయ్య మిక్కిలి శ్రమించెను. 1803లో ఆతడు పిన్నవయసుననే మరణించెను. అయినను పని ఆగలేదు. తమ్ముడు లక్ష్మయ్య ఆ భారమును వహించెను. 8,000కు పైగా శాసనములు చేకూరెను. 1815లో మెకంజీ భారతదేశపు మొదటి సర్వేయరు జనరల్ అయ్యెను, 1821లో కీర్తిశేషుడయ్యెను. తమ ఊరి పూర్వుల నెరుగగోరువారికి ఆ కైఫీయతులు నేటికిని ఆధారములు.