ఉదయగిరి భవదూరుడు నా కుంటని చూసుంటే ఏమనేవాడో

మా పామూరు పక్క నీళ్ల సంగతి ఎత్తితే ముందు పళ్ల సంగతి చెప్పాల. కనిగిరి, పామూరు చుట్టుపక్కల బోరునీళ్లలో ఫ్లోరైడు ఉండాది. ఆ నీళ్లే తాగి పళ్లు గారబట్టినోళ్లు, మోకాళ్లు వంగక గోడ పట్టుకుని లేసేవోళ్లు ఊరూరా కనపడతారు. పైనుంచి పడే వాననీళ్లని పైనే ఆపుకోవాలని మా పెద్దోళ్లు ఎందుకు అంత తాపత్రయపడ్డారో, ఆ మోకాళ్లని చూస్తే తెలుస్తది.

ఆ తాపత్రయంతోనే నాలుగేళ్ల కిందట నేను నా రెండెకరాల్లో ఓ కుంట తవ్వించా. ఫోన్లో వీడియోలు చూసి, కుంట చుట్టూ పండ్లచెట్లు, కూరగాయలు, తీగలు అన్నీ కలిపి అడవి మాదిరి పెంచుదామని ఆశ. జేసీబీ వచ్చింది, ఒక్కరోజులో తవ్వేసి పొయ్యింది. ఆ ఏడు మంచి వాన పడి కుంట నిండింది. ఫొటో తీసి స్టేటస్ పెట్టుకున్నా. వారం తిరిగేసరికి అడుగున బురద తప్ప నీళ్లు లేవు. ఎండాకాలానికి అరటి పిలకలు, బొప్పాయి మొక్కలు మాడి మసైపొయినాయి. డబ్బుతో పాటు మా నాయిన దగ్గర పరువూ పొయ్యింది.

అప్పుడు తెలిసొచ్చిన మడిసే భాస్కర భవదూరుడు. చెరువుల చరిత్ర చదివేవోళ్లకు బాగా తెలిసిన పేరు. మన పక్క పిల్లకాయలకి మాత్రం కృష్ణదేవరాయలు తెలుసుగానీ ఈయన తెలవదు. ఈయనేమో రాయలకంటే నూటయాభై ఏళ్ల ముందోడు, పైగా మన పొరుగోడు. పామూరు నుంచి వరికుంటపాడు దాటి పోతే వచ్చే ఉదయగిరి కొండే ఆయన ఉన్న చోటు.

విజయనగరం 1336లో పుట్టిందని చరిత్రకారులు చెప్తారు. హరిహరుడు, బుక్కడు అన్నదమ్ములు. బుక్కరాయలు 1356 నుంచి 1377 దాకా ఏలినాడు. ఆయన కొడుకుల్లో ఒకడు కంపరాయలు, దక్షిణాన మదురైని గెలిచినోడు. ఆ గెలుపు మీద ఆయన భార్య గంగాదేవి సంస్కృతంలో కావ్యమే రాసింది. ఇంకో కొడుకే మన భవదూరుడు. బుక్కరాయలు ఈయన్ని తూరుపు దిక్కు చూసుకోమని ఉదయగిరికి పంపినాడు. అంతకుముందు అక్కడ ఏలింది ఈయన పెదనాయన కంపడు, ఆయన కొడుకు రెండో సంగముడు. అన్న కత్తిని కావ్యం చేసి పాడుకున్నారు. తమ్ముడి పని మాత్రం రాయి మీద మిగిలింది, నీళ్ల రూపంలో ఇప్పటికీ ఉండాది.

ఆ పని పోరుమామిళ్ల చెరువు. వెలిగొండలకి అవతల, కడప జిల్లాలో. చెరువుకి పెట్టిన పేరు అనంతరాజసాగరం. శాసనం వేసింది శక సంవత్సరం 1291, అంటే మన లెక్కలో 1369. అక్కడి భైరవుడి గుడి ముందర నిలబెట్టిన రాళ్ల మీద, ఎక్కువగా సంస్కృతంలో చెక్కించినాడు. అది ఎపిగ్రాఫియా ఇండికాలో అచ్చయ్యి నూరేళ్లు దాటింది.

రాజుల శాసనాలంటే మా తాత ముత్తాత ఇంత గొప్పోళ్లు, నేను ఇంత దానం చేసినా అనే ముచ్చట్లే అనుకుంటాం. ఇందులోనూ ఆ పొగడ్తలు ఉండాయి. కానీ మధ్యలో ఒక పని లెక్క ఉండాది. రోజూ వెయ్యిమంది కూలోళ్లు చెరువు మీద, కట్ట మీద పని చేసినారు. తూముకీ రాతిగోడకీ రాళ్లు తోలడానికి నూరు బండ్లు తిరిగినాయి. పని రెండేళ్లకు ముగిసింది. డబ్బు, ధాన్యం లెక్కలేనంత ఖర్చయింది. రెండేళ్లూ ఆగకుండా జరిగిందనుకుంటే 7 లక్షల పైన పనిదినాలు. ఉపాధి పనికి పోయినోళ్లకి ఆ అంకె బరువు తెలుస్తది.

ఆ లెక్క కంటే నాకు పనికొచ్చింది ఇంకోటి. చెరువు బాగా కుదరాలంటే పన్నెండు ఉండాలని, ఆరు తప్పులు ఉండగూడదని ఆ రాయి మీదే చెప్పినాడు. పన్నెండూ మన మాటల్లో చెప్తా. ధర్మంగా ఉంటూ, కలిగినోడై, పేరు కోరుకునే రాజు. నీళ్ల శాస్త్రం తెలిసిన పండితుడు. గట్టి బంకమట్టి నేల. మూడు ఆమడల దూరం నుంచి తియ్యటి నీళ్లు తెచ్చే ఏరు. చెరువుని ఆనుకుని కొండ. ఆ కొండల మధ్య గట్టి రాతికట్ట, అదీ మరీ పొడుగు ఉండగూడదు. కట్ట కొసలు పంటభూమి వైపు తిరగగూడదు. గర్భం లోతుగా, వెడల్పుగా ఉండాల. నిలువైన పొడుగు రాళ్లు దొరికే గని దగ్గర్లో ఉండాల. కింద చదునైన సారవంతమైన పొలం. నీళ్లు జోరుగా పారే కాలవ. కడాన, కట్టడం పని వచ్చిన జనం.

ఆరు తప్పులు ఇయ్యి. కట్టలోంచి నీళ్లు కారడం. చవుడు నేల. రెండు రాజ్యాల పొలిమేర మీద ఉండడం. చెరువు నడుమ తాబేలు వీపు మాదిరి మిట్ట ఉండడం. నీళ్లు తక్కువ, తడపాల్సిన పొలం ఎక్కువ కావడం. నీళ్లు ఎక్కువ, పొలం తక్కువ కావడం.

ఇది చదివి నా కుంట గట్టున కూచుని వేళ్లు మడిచి లెక్కేశా. నేను తవ్వించింది గరుసు నేలలో. జేసీబీ తిరగడానికి వీలుగా ఉందని ఆ మూల చూపించా, మట్టి ఏందో చూడలా. నీళ్లు కారినాయి: ఒకటో తప్పు. తవ్విన మట్టి ఎత్తిపొయ్యలేక కుంట నడుమ కుప్ప వదిలేశా: అది తాబేలు వీపు. కుంట మా దాయాదుల గట్టుకి ఆనించి తవ్వించా, వాళ్లు వచ్చి మా చేలో ఊట దిగతందని తగువు పెట్టుకున్నారు: రెండు రాజ్యాల పొలిమేర అంటే అదే మరి. జానెడు నీళ్లకి రెండెకరాల తోట ఆశపడ్డా: అయిదో తప్పు. ఆరింట్లో నాలుగు నాయే. ఆరొందల యాభై ఏళ్ల కిందటి మడిసి నా పొలం చూసి రాసినట్టు అనిపించింది.

1978లో ఆస్ట్రేలియాలో బిల్ మాలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్ కలిసి పర్మాకల్చర్ అని పుస్తకం తెచ్చినారు. ఇయ్యాల మనం ఫోన్లో చూసే వీడియోల్లో చానావరకు వాళ్ల దారిలోవే. వాళ్లు చెప్పేదీ ఇంతే: ముందు నేలవాలు చూడు, నీళ్లు యాడ నుంచి వచ్చి యాడికి పోతాయో చూడు, ఆ తర్వాత పార పట్టు. నేను పార ముందు పట్టా.

రెండోసారి తొందర పడలా. పల్లంలో మోకాటిలోతు గుంటలు మూడు తవ్వి, సాయంత్రం నీళ్లు పోసి, పొద్దున్నే చూశా. రెండింట్లో ఇంకిపొయినాయి, ఒకదాంట్లో చానావరకు నిలబడినాయి. బంకమట్టి ఉన్న ఆ చోటే తవ్వించా, గట్టుకి పదడుగులు ఎడం వదిలి. మట్టిని దిగువ కట్టకే వేసి తొక్కించా. మిగులు నీళ్లు పోవడానికి ఒక పక్క అలుగు పెట్టి కడప బండలు పరిచా. కట్ట మీద వట్టివేరు నాటా. కట్ట దిగువన ఊట తగిలే చోట అరటి, తర్వాత వరసలో మునగ, కరేపాకు, ఇంకా ఎడంగా సీతాఫలం, నీళ్లు అందని చివరన రేగు, వేప. నడుమ కంది. మొదట అర ఎకరమే. నీళ్లకి సరిపడా తోట, అంతే. పెద్ద అడవేమీ కాలేదుగానీ, పోయిన ఎండాకాలం మా నాయిన అక్కడ మంచం వేసుకుని పడుకున్నాడు.

పాతకాలంలో మడిసి వెనక మిగిలే ఏడు సంతానాలని చెప్పేవోళ్లు. కొడుకుతో పాటు చెరువు, తోట కూడా ఆ ఏడింట్లో ఉండాయి. భవదూరుడికీ ఆ పుణ్యం మీద, పేరు మీద ఆశ ఉండాది, దాచుకోలేదు. కాకపోతే నాకు ఒకటి గుచ్చుకుంటది. పన్నెండింట్లో రాజు మొదటోడు, పండితుడు రెండోవోడు, పనోళ్లు పన్నెండోవోళ్లు. వెయ్యిమంది అని అంకె ఉండాది, వాళ్ల పేర్లు లేవు. అయినా వాళ్లు లేకపోతే చెరువు లేదని ఆ రాయే ఒప్పుకుంది.

కొండల నడుమ కట్ట వేసే ఆ తెలివి మన పక్కా ఉండాది. గుండ్లకమ్మకి అడ్డంగా కంభం చెరువు అట్టా కట్టిందే. అది రాయల భార్య వరదరాజమ్మ కట్టించిందని జనం చెప్పుకుంటారు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ కంభం చెరువుకీ, పోరుమామిళ్ల చెరువుకీ వారసత్వ గుర్తింపు ఇచ్చింది. మంచిదే. అయితే మన ఊళ్ల చిన్న చెరువులకి ఏ గుర్తింపూ రాదు. సర్కారు తుమ్మ కమ్మేసి, పూడిక నిండి, వాగుకాలవలు కబ్జా అయ్యి, తూములు విరిగి పడి ఉండాయి. పూడిక నిండిన చెరువంతా తాబేలు వీపే. నీళ్లొచ్చే కాలవ మూసేస్తే మూడామడల ఏరు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, సొంత కుంట తవ్వుకోండి, వద్దనను. కానీ దానికి నీళ్లు ఊరి చెరువు నిండితేనే, ఆ ఊట కిందికి దిగితేనే. ఈ ఎండాకాలం మీ ఊరి చెరువులోకి దిగండి. ఆ పన్నెండూ, ఆ ఆరూ కాయితం మీద రాసుకుని ఒక్కొక్కటే టిక్కు పెట్టండి. కాలవ యాడ మూసుకుందో ఫొటోలు తియ్యండి, సర్వే నంబరుతో సహా గ్రామసభలో పెట్టండి. మా ఊళ్లో మేం మొదలుపెట్టాం. వచ్చిన మొదటిరోజు తొమ్మిదిమందిమి. వెయ్యికి ఇంకా 991 మంది తక్కువ.