లె కర్బూజియే

స్విట్జర్లాండు దేశమున లా షో ద ఫోన్ అను పట్టణము గడియారములకు ప్రసిద్ధి. అచట 1887 అక్టోబరు 6వ తేదీన షార్ల్ ఎదువార్ జాన్నరె జన్మించెను. తండ్రి గడియారపు ముఖములకు మీనాపని చేయువాడు. తల్లి పియానో నేర్పెడిది. బాలుడును మొదట గడియారపు డొప్పలపై చెక్కడపు పనినే అభ్యసించెను. వాస్తువిద్యలో అతనికి పట్టా ఏదియు లేదు. పారిసులో ఒగుస్త్ పెరె వద్ద ఉక్కు కాంక్రీటు మర్మమును, బెర్లినులో పీటర్ బెహ్రెన్స్ వద్ద యంత్రయుగపు పనితీరును గ్రహించెను. 1920లో లె కర్బూజియే అను మారుపేరు ధరింపగా లోకమున ఆ పేరే నిలిచెను. 1930లో ఫ్రెంచి పౌరుడైనపుడు తన వృత్తిని సాహిత్యముగా వ్రాయించుకొనెనట! గ్రంథప్రియులకు ఇది ముచ్చట గొల్పును.

1914లో యుద్ధమున ఇండ్లు కూలుచుండగా అతడొక నమూనా గీచెను. ఆరు స్తంభములు, మూడు కాంక్రీటు పలకలు, ఒక మెట్లవరుస, అంతియే. కాంక్రీటు చట్రమును అతడు కనిపెట్టలేదు. దాని నుండి ఇంటికి క్రొత్త రూపమును రాబట్టెను. గోడ బరువు మోయదు గనుక ఎచ్చటనైనను నిలుపవచ్చును, కిటికీని గోడ పొడవున సాగింపవచ్చును, మిద్దెపై తోట పెంపవచ్చును. పిల్లర్లు లేపి, స్లాబు పోసి, పిదప ఇటుక గోడ పెట్టుట చూచుచున్న నాగారము వారికి ఇందు వింత తోపదు.

అతనికి దోషములు లేకపోలేదు. 1925లో పారిసు నడిబొడ్డును కూల్చి గోపురములవంటి మేడలు లేపవలెనని ప్రతిపాదించెను. ఆ నగరము అదృష్టవశమున బ్రతికిపోయెను. 1931లో ముగిసిన విల్లా సవోయ్ జగత్ప్రసిద్ధమయ్యెను గాని, వాన కురిసిన కప్పు కారుచున్నదని గృహిణి మొరపెట్టుకొనుచునే యుండెను.

దేశవిభజనమున లాహోరు పోవుటచే పంజాబునకు రాజధాని కావలసి వచ్చెను. మొదట అమెరికా దేశీయుడు ఆల్బర్ట్ మేయర్ పథకము సిద్ధపరచెను. అతని సహచరుడు నొవిట్స్కీ 1950లో విమానప్రమాదమున మరణింపగా, పిదప ఆ భారము అరువదిమూడేండ్ల లె కర్బూజియేపై పడెను. చండీగఢ్‌లోని నివాసగృహములు ఎక్కువగా అతని జ్ఞాతి పియేర్ జాన్నరె, ఫ్రై, డ్రూ దంపతులు, భారతీయ శిల్పులు కట్టినవే. హైకోర్టు, సచివాలయము, శాసనసభ మాత్రము అతనివి. ఇచటి ఎండ అతనికి గురువయ్యెను. హైకోర్టుపై గొడుగువలె రెండవ కప్పు నిలిపి, నడుమ గాలి ఆడనిచ్చెను. ముఖభాగమున లోతైన కాంక్రీటు ఎండతెరలు కట్టెను. మనవారు అతని స్తంభమును, స్లాబును గ్రహించి ఈ ఎండతెరను విడిచిరి. వేసవి రాత్రులలో ఆ లోపము స్పష్టముగ తెలియును.

1965 ఆగస్టు 27న ఫ్రాన్సు దక్షిణతీరమున సముద్రస్నానము చేయుచు మరణించెను. 2016లో యునెస్కో అతని పదునేడు కట్టడములను ప్రపంచ వారసత్వముగ గుర్తించెను. చండీగఢ్ రాజధాని సముదాయము అందొకటి.

పారిసులో అతని వద్ద 1951 నుండి పనిచేసి, పిదప అహమ్మదాబాదులో అతని కట్టడములను పర్యవేక్షించిన బాలకృష్ణ దోషి, 1968 మొదలు నాగారమునకు చేరువలోని ఇ.సి.ఐ.ఎల్. ఉద్యోగుల నివాసపురిని రూపొందించెను. ఆ సంస్థ కార్యాలయ భవనము సికిందరాబాదున 1930లో పుట్టిన చార్లెస్ కొరియాది. కొరియా కృతులపై తొలినాళ్లలో లె కర్బూజియే ముద్ర కనిపించును. అయినను ఇద్దరును అనుకరణతో తృప్తి చెందలేదు. నీడ, గాలి, ముంగిలి అను మూడింటిని మన పాత ఇండ్లనుండి తీసికొని కాంక్రీటునకు జతపరచిరి.