కిన్నెర మెట్ల మీద పండుగ సాయన్న

పాలమూరు పల్లెల్లో పండుగ సాయన్న పేరు తెలియని పెద్దలు తక్కువ. నిజాం కాలంలో ముదిరాజుల ఇంట పుట్టినవాడు. దొరల గరిసెలు కొల్లగొట్టి గింజలు ఆకలిగొన్నవాళ్లకు పంచాడనీ, పేదింటి ఆడపిల్లల పెళ్లిళ్లు చేయించాడనీ పాట చెబుతుంది. దొరలకు దొంగ; మా తాతకు మాత్రం దేవుడి తర్వాత సాయన్నే. చివరికి పట్టించి తల నరికించారు.

ఆ కథను ఇంతకాలం మోసింది డక్కలివారి కిన్నెర. మన నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంట మొగులయ్యకు 2022లో పద్మశ్రీ తెచ్చిందీ అదే, పన్నెండు మెట్లది.

మూగబోయిన పాత కిన్నెరను ఒక డక్కలి పెద్దాయన బాగుచేస్తుంటే రెండు రోజులు పక్కన కూర్చున్నాను. సొరబుర్ర పగిలింది, మైనం ఎండి మెట్లు ఊడాయి. కొత్త బుర్ర కట్టి, తేనెమైనం వెచ్చచేసి ఒక్కో మెట్టూ అతికించాడు. తీగ మీటి, స్వరం కుదరకపోతే పీకి వెంట్రుకవాసి జరిపాడు. పూర్వం మెట్లకు అలుగు పొలుసు వాడేవారట. అలుగును చంపడం ఇప్పుడు నేరం, అందుకని కర్రముక్కలు పెట్టాడు. నా మట్టుకు అదే నయం.

తీగ పలకగానే ఎత్తుకున్నది సాయన్న కథే. ఆయన పిల్లలెవరూ నేర్చుకోలేదు. స్వర్ణోత్సవ వేదిక మీద ఆయనకు అరగంట ఇవ్వమని సంఘాన్ని అడిగాను.