కాంచనమాల

తెలుగు నాటకరంగం మీద చాలాకాలం స్త్రీ పాత్రలను పురుషులే ధరించేవారు. బాపట్లకు చెందిన స్థానం నరసింహారావు సత్యభామగా, మధురవాణిగా ప్రవేశించినప్పుడు ప్రేక్షకులు ఆయనను పురుషుడని మరచిపోయేవారు. చలనచిత్రం వచ్చిన తరువాత ఈ పద్ధతి ఎంతోకాలం నిలువలేదు. నాటకశాలలో దూరాన కూర్చున్నవారికి కనబడని ముఖరేఖను కూడా కెమెరా వెండితెర మీద పెద్దది చేసి చూపుతుంది. 1932లో తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ వెలువడిన నాటినుండి, చక్కని రూపంతోపాటు గానం, స్పష్టమైన ఉచ్చారణ గల నటీమణుల కోసం నిర్మాతలు అన్వేషణ ప్రారంభించారు. నేపథ్యగానం ఇంకా స్థిరపడని రోజులవి. ఎవరి పాట వారే పాడుకోవాలి. ఆ అన్వేషణలో తెలుగు తెరకు లభించిన తొలి అందాల తార కాంచనమాల.

మధిర మీదుగా సాగే రైలుమార్గం విజయవాడ దాటి, కృష్ణానదిని దాటి తెనాలి చేరుతుంది. నాటకాలకు, సంగీతానికి పెట్టింది పేరైన ఆ తెనాలి ప్రాంతంలో కాంచనమాల 1917 మార్చి 5న జన్మించింది. చిన్ననాడే సంగీతం అభ్యసించింది. 1935లో ‘శ్రీకృష్ణ తులాభారం’లో మిత్రవిందగా తొలిసారి తెరమీద కనిపించింది. అది చిన్న పాత్ర. మరుసటి ఏడు ‘వీరాభిమన్యు’లో ఉత్తర పాత్ర, 1937లో ‘విప్రనారాయణ’లో దేవదేవి పాత్ర ఆమెకు లభించాయి. ఇవన్నీ పురాణ, భక్తి కథలే. ఆమె పేరు ఇంటింటా వినబడడానికి మాత్రం సాంఘిక చిత్రాలు రావలసి వచ్చింది.

1938వ సంవత్సరం ఆమె జీవితంలో ముఖ్యమైనది. ఆ ఏడు హెచ్.ఎం. రెడ్డి తీసిన ‘గృహలక్ష్మి’లో సంసారాన్ని కూల్చే మాధురిగా నటించింది. ఆ సంసారంలోని సాధ్వి పాత్ర కన్నాంబది. అదే సంవత్సరం గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వంలో ‘మాలపిల్ల’ విడుదలైంది. చల్లపల్లి జమీందారు అండతో సారథి సంస్థ నిర్మించిన ఈ చిత్రానికి కథ గుడిపాటి వెంకటచలం, సంభాషణలు తాపీ ధర్మారావు సమకూర్చారు. తెరమీద పాత్రలు గ్రాంథికం విడిచి వ్యవహారభాషలో మాట్లాడటం ఆనాటి ప్రేక్షకులకు కొత్త అనుభవం.

ఈ చిత్రం విలువ తెలియాలంటే ఆ కాలాన్ని గుర్తుకు తెచ్చుకోవాలి. తిరువాన్కూరు సంస్థానంలో దేవాలయాల తలుపులు అందరికీ తెరుస్తూ ప్రకటన వెలువడినది 1936లో. మదరాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం వచ్చినది 1939లో. ఆ రెండింటి మధ్య ‘మాలపిల్ల’ వచ్చింది. ధర్మకర్తయైన సుందరరామశాస్త్రి కుమారుడు నాగరాజు దళిత కన్య శంపాలతను ప్రేమిస్తాడు. ఊరు వారిని అంగీకరించదు. వారు కలకత్తా వెళ్లిపోతారు. చివరకు శాస్త్రి మనసు మారుతుంది, గుడి తలుపులు తెరుచుకుంటాయి. శాస్త్రి పాత్రను గోవిందరాజుల సుబ్బారావు పోషించగా, శంపాలతగా కాంచనమాల నటించింది. ప్రథమార్ధంలో ముతక చీరతో పల్లెపిల్లగా, తరువాత నగరంలో చదువుకున్న యువతిగా ఆమె కనిపిస్తుంది. ఈ రెండో రూపం యువతరాన్ని ఉర్రూతలూగించింది. చేతిలో కప్పు పట్టుకొని ఉన్న ఆమె ఛాయాచిత్రం క్యాలెండర్లకెక్కింది. అయితే ఆ అందాన్ని మెచ్చుకొని ఊరుకుంటే చాలదు. గుడి మెట్లెక్కనివ్వని కన్యను కథానాయికగా నిలిపి, ఆమె సుఖదుఃఖాలను ప్రేక్షకులు తమవిగా భావించేటట్లు చేయడంలోనే అసలు సాహసం ఉంది. ఆ భారమంతా నటి మీదనే పడింది.

1939లో బి.ఎన్. రెడ్డి తొలి చిత్రం ‘వందేమాతరం’లో నాగయ్య సరసన జానకిగా, వై.వి. రావు దర్శకత్వంలో వితంతు వివాహాన్ని సమర్థించిన ‘మళ్లీపెళ్లి’లో లలితగా ఆమె నటించింది. రాజమహేంద్రవరంలో వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించి అప్పటికి 58 ఏండ్లు గడచినా ఆ వాదం ఇంకా చల్లారలేదు. 1940లో రామబ్రహ్మమే తీసిన ‘ఇల్లాలు’లో లక్ష్మీరాజ్యంతో కలిసి నటించింది.

1942లో జెమినీ సంస్థ సి. పుల్లయ్య దర్శకత్వంలో ‘బాలనాగమ్మ’ను నిర్మించింది. పల్లెల్లో కథలు చెప్పేవారి నోట నలిగిన గాథ అది. మాయల మరాఠీ ఎత్తుకుపోయిన తల్లి, ఏళ్లతరబడి అతని చెరలో శీలాన్ని కాపాడుకొని కొడుకు రాకకై ఎదురుచూస్తుంది. ఆ తల్లిగా కాంచనమాల, మాంత్రికుడిగా గోవిందరాజుల సుబ్బారావు నటించారు. చిత్రం అఖండ విజయం సాధించింది. నిర్మాతకు ధనరాశులు చేకూరాయి. నటికి మాత్రం అదే చివరి పెద్ద చిత్రమైంది. నిర్మాణ సంస్థతో కుదుర్చుకున్న ఒప్పందం వివాదాలకు దారితీసి, ఇతర చిత్రాలలో నటించే దారి మూసుకుపోయింది. అప్పటికి ఆమె వయస్సు 25 సంవత్సరాలు. అదే కాలంలో, 1941లో, హాలీవుడ్ తార గ్రెటా గార్బో కూడా తెరకు దూరమైంది. గార్బో నిష్క్రమణ ఆమె ఇష్టప్రకారం జరిగింది. తరువాత దాదాపు 50 ఏండ్లు ఆమె ప్రశాంతంగా జీవించింది. కాంచనమాలకు ఆ అదృష్టం లేదు. భర్త మరణం ఆమెను మరింత కుంగదీసింది. మనస్సు చెదిరింది. ఒకనాడు ఎందరో అభిమానులు గుర్తుపట్టిన ఆమె, క్రమంగా తానే ఎవరినీ గుర్తుపట్టలేని స్థితికి చేరుకుంది.

పాత స్నేహితురాలిని లక్ష్మీరాజ్యం మరచిపోలేదు. తాను నిర్మించిన ‘నర్తనశాల’ చిత్రంలో ఆమెకు ఒక చిన్న వేషం ఇచ్చింది. దీపాల వెలుగు, కెమెరా, మేకప్పు మళ్లీ కంటబడితే పూర్వస్మృతి మేల్కొనవచ్చునని ఆశ. 1963లో చిత్రం విడుదలైంది, దేశవిదేశాలలో కీర్తి పొందింది. కాంచనమాలలో మార్పు రాలేదు. ‘నర్తనశాల’ విరాటరాజు కొలువులో ఉత్తర నాట్యం నేర్చుకున్న కథ. 27 సంవత్సరాల క్రితం ‘వీరాభిమన్యు’లో ఆ ఉత్తర పాత్రను ధరించిన నటి, ఇప్పుడు ఆ కథలోనే ఒక మూల మౌనంగా నిలిచింది.

ఆ తరువాత ఆమె మరి తెరమీద కనిపించలేదు. 1981 జనవరి 24న మదరాసులో మరణించింది. ‘నర్తనశాల’లో సైరంధ్రిగా నటించిన సావిత్రి కూడా ఆ సంవత్సరమే డిసెంబరు 26న కన్నుమూసింది.