లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కా: పరమవీర చక్రానికి అర్హత ఎలా వచ్చింది?



మా హాస్టల్లో ప్రతి ఏడాదీ నలుగురైదుగురు పిల్లలు ఆర్మీ ర్యాలీ కోసం తెల్లవారకముందే లేచి గ్రౌండులో పరుగు తీస్తుంటారు. ఒకరోజు రాత్రి స్టడీ అవర్‌లో వాళ్ళలో ఒకడు పరమవీర చక్రం రావాలంటే ఎంతమంది శత్రువులను చంపాలని అడిగాడు. చంపితే సరిపోదు, మనం కూడా చనిపోవాలని పక్కవాడు అన్నాడు. అదంతా పెద్ద ఆఫీసర్లకేగాని మనలాంటి అడవి బిడ్డలకు ఇవ్వరని మూడోవాడు తేల్చేశాడు. మూడు మాటలూ తప్పే. ఎందుకు తప్పో చెప్పడానికి ఆ రాత్రి వాళ్ళకు ఆల్బర్ట్ ఎక్కా జీవితం చెప్పాను. అదే ఈ సంచికలో మీ అందరికీ చెబుతున్నాను.

ఆల్బర్ట్ ఎక్కా 1942 డిసెంబర్ 27న పుట్టారు. ఊరు జారి. అప్పుడు అది బీహార్‌లో ఉండేది, ఇప్పుడు ఝార్ఖండ్‌లోని గుమ్లా జిల్లాలో ఉంది. తండ్రి జూలియస్, తల్లి మరియం. వాళ్ళు ఒరాన్ ఆదివాసులు. ఒరాన్ల భాష కుడుఖ్. అది ద్రావిడ భాష. అంటే మన గోండి, కోయ, కొలామి, కువి భాషలకు దూరపు చుట్టం. రాష్ట్రం వేరైనా, మనిషి మనకు పరాయివాడు కాడు.

అడవి పక్క ఊళ్ళో పెరిగిన పిల్లవాడికి వేట, విల్లంబులు సహజంగానే అబ్బాయి. అడుగు చప్పుడు కాకుండా నడవడం, నేలకు ఆనుకుని పాకడం, ఓపికగా పొంచి ఉండడం మన గూడేల్లో తాతలు ఇప్పటికీ చేసి చూపిస్తారు. ఆ ప్రాంతంలో హాకీ అంటే ప్రాణం, ఆయనా హాకీ ఆడేవారు. 1962 డిసెంబర్‌లో, ఇరవై ఏళ్ళు నిండే నెలలో, బీహార్ రెజిమెంట్‌లో చేరారు. 1968లో బ్రిగేడ్ ఆఫ్ ది గార్డ్స్‌లో 14వ బెటాలియన్‌ను కొత్తగా ఏర్పాటు చేసినప్పుడు ఆయన్ని అందులోకి మార్చారు. ఈశాన్య రాష్ట్రాల్లోనూ పనిచేశారు. తర్వాత లాన్స్ నాయక్ అయ్యారు. సిపాయికి ఒక్క మెట్టు పైనుండే హోదా అది. ఇంటి దగ్గర భార్య బలమదీనా, పసివాడైన కొడుకు ఉన్నారు.

1971 డిసెంబర్ 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు మన పశ్చిమ ప్రాంతపు విమానాశ్రయాల మీద బాంబులు వేయడంతో యుద్ధం బహిరంగమైంది. తూర్పున త్రిపుర రాజధాని అగర్తలా సరిహద్దుకు ఆనుకుని ఉంటుంది. అక్కడికి సుమారు ఆరున్నర కిలోమీటర్ల దూరంలో, అవతలి వైపున, అఖౌరా దగ్గర గంగాసాగర్ అనే రైల్వే స్టేషన్ ఉంది. శత్రువు అక్కడ బంకర్లు కట్టి, బలంగా కాపు కాశాడు. ఆ స్థావరాన్ని పట్టుకునే పని 14 గార్డ్స్‌కు వచ్చింది. డిసెంబర్ 3 రాత్రి దాటి 4 తెల్లవారేలోపు ఆ పోరాటం జరిగింది.

ఎక్కా ఉన్న కంపెనీ ఎడమవైపు నుంచి ముందుకు కదిలింది. ఫిరంగి గుండ్లు, తుపాకీ గుండ్లు ఒక్కసారిగా మీద పడ్డాయి. అయినా మనవాళ్ళు శత్రువు బంకర్ల దాకా చొచ్చుకుపోయారు, పోరాటం చేతికి చేయి కలిపేంత దగ్గరికి వచ్చింది. ఒక లైట్ మెషిన్ గన్ తన కంపెనీలో చాలామందిని పడగొడుతోందని ఎక్కా గమనించారు. ఆ బంకర్ మీదికి దూకి, తుపాకీ చివరి బయొనెట్‌తో ఇద్దరిని పొడిచి, దాన్ని ఆపేశారు. ఆయనకు గట్టి గాయమైంది. అక్కడే ఆగిపోయినా తప్పుపట్టేవాళ్ళు ఎవరూ లేరు. ఆయన ఆగలేదు. దాదాపు మైలు పొడవున్న ఆ స్థావరంలో తోటివాళ్ళతో కలిసి ఒక్కో బంకర్‌నూ ఖాళీ చేయిస్తూ సాగారు.

ఉత్తరపు కొసన ఒక గట్టి భవనం ఉంది. దాని పై అంతస్తు నుంచి మీడియం మెషిన్ గన్ మొదలైంది. మనవాళ్ళు మళ్ళీ నేలకూలుతున్నారు, దాడి నిలిచిపోయింది. గాయంతోనే ఎక్కా నేల మీద పాకుతూ భవనం దాకా వెళ్ళారు. లోపలికి గ్రెనేడ్ విసిరారు. ఒకడు చనిపోయాడు, ఇంకొకడు గాయపడ్డాడు. అయినా గన్ పేలుతూనే ఉంది. అప్పుడు పక్క గోడ ఎక్కి లోపలికి దిగి, ఇంకా కాలుస్తున్న వాడిని బయొనెట్‌తో పొడిచారు. గన్ ఆగింది. దాడి మళ్ళీ కదిలింది, గంగాసాగర్ మన చేతికి వచ్చింది. అది చేజిక్కిన తర్వాతే ఎక్కా ఒంటిమీది గాయాలతో ప్రాణం విడిచారు. ఇరవై తొమ్మిదో పుట్టినరోజుకు ఇంకా మూడు వారాల పైచిలుకు ఉంది. అగర్తలాకు ముప్పు తొలగింది. డిసెంబర్ 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది.

ఇప్పుడు పిల్లల మూడు మాటల దగ్గరికి వద్దాం.

పరమవీర చక్రాన్ని 1950 జనవరి 26న నెలకొల్పారు, 1947 ఆగస్టు 15 నుంచి వర్తించేలా. దాని మీద ఇంద్రుడి వజ్రాయుధం నాలుగు వైపులా ఉంటుంది. దధీచి తన ఎముకలిస్తే తయారైన ఆయుధం కదా అది. ఈ పతకానికి ముఖ్యమైన షరతు, సాహసం శత్రువు ఎదుట జరగాలి. శత్రువు ఎదుట కాకుండా వేరే సందర్భంలో చూపిన సాహసానికి అశోక చక్రం వరుస వేరే ఉంది.

మొదటి పిల్లవాడి ప్రశ్నకు జవాబు: చంపినవాళ్ళ లెక్కకు ఈ పతకం లేదు. ఎక్కా చేతిలో పడినవాళ్ళను లెక్కపెడితే నలుగురో ఐదుగురో. ఆయన్ని అర్హుణ్ణి చేసింది ఆ అంకె కాదు. గాయపడ్డాక కూడా, ఎవరూ వెళ్ళమనకుండానే రెండోసారి చావుకు ఎదురు వెళ్ళడం, దానివల్ల తన కంపెనీలో ఎందరో బతకడం, ఆగిన దాడి గెలవడం. ప్రశంసాపత్రంలో రాసినది ఇదే.

రెండోవాడికి: చనిపోవడం షరతు కాదు. ఇప్పటివరకు 21 మందికి ఈ పతకం వచ్చింది, వాళ్ళలో 14 మందికి మరణానంతరం. 1971 యుద్ధానికి నలుగురికి ఇచ్చారు. ఆ నలుగురిలో మేజర్ హోషియార్ సింగ్ బతికి ఉండి అందుకున్నారు. తూర్పు రంగంలో ఈ పతకం ఎక్కా ఒక్కరికే వచ్చింది.

మూడోవాడికి: నిబంధనల్లో హోదా లేదు, కులం లేదు, తెగ లేదు. మూడు దళాల్లోని సిపాయి నుంచి జనరల్ దాకా, ఆడా మగా అందరూ అర్హులే. సైన్యం ఆదేశాల కింద పనిచేసే నర్సులు, పౌరులు కూడా అర్హులే. చెల్లెళ్ళూ, ఈ మాట మీరు గుర్తుపెట్టుకోండి.

అయితే ఒక సంగతి ఉంది. ఈ పతకం కోసం ఎవరూ దరఖాస్తు పెట్టుకోరు. పక్కనున్నవాళ్ళు చూడాలి, పైవాళ్ళు దాన్ని కాగితం మీద రాయాలి, ఆ సిఫారసు మెట్టు మెట్టుగా పైకి వెళ్ళాలి, చివరకు రాష్ట్రపతి పేరున పతకం రావాలి. చీకట్లో గోడెక్కిన ఆ మనిషిని తోటివాళ్ళు చూసి చెప్పకపోతే ఈరోజు మనకు ఎక్కా పేరే తెలిసేది కాదు. ఆ రాత్రి అక్కడే పడిపోయిన మిగతా సైనికుల సాహసం ఎంతమంది కంట పడింది? కంటబడనిదానికి పతకం లేదు, కానీ అది సాహసం కాకుండా పోదు. జోడేఘాట్‌లో ప్రాణమిచ్చిన మన కొమురం భీమ్‌కు ఏ పతకమిచ్చారు? ఆయన్ని నిలబెట్టింది మన గూడేల జ్ఞాపకం.

పతకం వచ్చాక కూడా అన్నీ సర్దుకోలేదు. ఎక్కాను అగర్తలా దగ్గరే ఖననం చేశారు. బలమదీనా పతకం అందుకున్నారు, భర్త సమాధి మాత్రం ఎంతో దూరాన ఉండిపోయింది. 2015 చివరలో సమాధి మట్టి అని చెప్పి ఊరికి తెచ్చినప్పుడు, ఇది నిజంగా ఆయన సమాధి మట్టేనా అని కుటుంబం అడిగింది, వెంటనే తీసుకోలేదు. ఆ తర్వాత ఇంటివాళ్ళే త్రిపుర వెళ్ళి వచ్చారు. రుజువు అడిగే హక్కు ప్రభుత్వానికే కాదు, ఇంటివాళ్ళకూ ఉందని వాళ్ళు చూపించారు.

ఈరోజు రాంచీ నడిబొడ్డున ఆల్బర్ట్ ఎక్కా చౌక్ ఉంది. 2000లో ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ వచ్చింది. 2023లో అండమాన్‌లో ఒక దీవికి ఆయన పేరు పెట్టారు.

మీకు ఒక పని చెప్పి ముగిస్తాను. మీ గూడెంలో, తండాలో సైన్యంలో పనిచేసి వచ్చిన తాత గాని, మామ గాని ఉంటే ఈ సెలవుల్లో వెళ్ళి కూర్చోండి. డిశ్చార్జి బుక్కు చూపించమనండి. ఏ యూనిట్, ఏ ఏడాది, ఎక్కడ పనిచేశారు, పక్కన ఎవరున్నారు అన్నీ నోట్‌బుక్‌లో రాయండి. ఆయనకు రావలసిన పతకం గాని, పింఛను గాని ఆగిపోయి ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెంట తీసుకెళ్ళండి. చూసినవాళ్ళు చెబితేనే ఎక్కా మనదాకా వచ్చారు. మన పెద్దల సంగతి రాయడానికి ఇక మనమే సాక్షులం.