ఒక్క ఓటు తేడా, మన ఎదుర్లంక బాలయోగి గారు

1999 ఏప్రిల్ 17. అమలాపురంలో ఓ టీ కొట్టు దగ్గర జనం మధ్య నిలబడి టీవీ చూస్తన్నాను. నాకప్పటికి ఇరవై ఏళ్ళు నిండలేదు. ఢిల్లీలో వాజపేయి సర్కారు బలపరీక్ష. లెక్క తేలింది: సర్కారుకి 269, ఎదర పక్షానికి 270. ఒక్క ఓటుతో సర్కారు పడిపోయింది. ఆ లెక్క సభలో ప్రకటించింది మన అమలాపురం ఎంపీ, లోక్‌సభ స్పీకరు గంటి మోహనచంద్ర బాలయోగి. టీ కొట్టు దగ్గర సగం మంది ఆయన్ని తిట్టేరు. మన పార్టీ మనిషి అయ్యుండి మన దోస్తుల సర్కారునే కూలదోసుకున్నాడేటని. నేనూ అలాగే అనుకున్నాను. అది తప్పని తెలుసుకోడానికి నాకు చానా ఏళ్ళు పట్టింది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇప్పుడు యానాం దగ్గర గౌతమి మీద బండేసుకుని రయ్యిన దాటేస్తన్న వంతెనకి ఆయన పేరే ఉంది. ఆ పేరెవరిదో మీలో ఎంతమందికి తెలుసు?

ఆయన 1951 అక్టోబరు 1న ఎదుర్లంకలో పుట్టేరు. దళిత కుటుంబం. ఊళ్ళో చదువుకునే వీలు లేక గుత్తెనదీవి పోయి చదువుకున్నారు. తర్వాత కాకినాడ, ఆ పైన విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ. 1980లో కాకినాడలో వకీలయ్యేరు. 1985లో మేజిస్ట్రేటు ఉద్యోగం వస్తే, దాన్నొదిలేసి మళ్ళీ నల్లకోటు వేసుకున్నారు. 1987లో తూర్పుగోదావరి జిల్లా పరిషత్ చైర్మనయ్యేరు. 1991లో ఎస్సీ రిజర్వుడు సీటైన అమలాపురం నుంచి టీడీపీ తరపున ఎంపీగా గెలిచేరు. 1996లో ఓడిపోయేరు. తర్వాత ముమ్మిడివరం ఉప ఎన్నికలో గెలిచి, రాష్ట్రంలో ఉన్నత విద్యా మంత్రి అయ్యేరు. 1998లో మళ్ళీ ఎంపీ.

అసలు కథ ఇక్కడ మొదలవుద్ది. 1998 ఎన్నికల్లో ఏ పార్టీకీ సొంతంగా బలం రాలేదు. బీజేపీకి 182 వచ్చేయి. మెజారిటీకి 272 కావాలి. అన్నా డీఎంకేకి 18, మన టీడీపీకి 12. అప్పటిదాకా టీడీపీ యునైటెడ్ ఫ్రంటులో ఉంది, చంద్రబాబు గారే దానికి కన్వీనరు. జనాన్ని ఓట్లడిగింది ఆ జెండా కింద. ఫలితాలొచ్చేక అటు తిరిగింది. మంత్రి పదవులు తీసుకోలేదు, బయట్నుంచి మద్దతన్నారు. మార్చి 24న స్పీకరు కుర్చీ మాత్రం బాలయోగి గారికొచ్చింది. నాలుగు రోజుల తర్వాత 274–261తో సర్కారు గట్టెక్కింది. ఓటేసినోడిని అడక్కుండా ఫలితాలయ్యేక కట్టిన పొత్తు అది. నాకప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు.

కానీ పొత్తు లెక్కలో వచ్చిన కుర్చీలో కూర్చున్నా, ఆయన పొత్తు మనిషిగా ఉండిపోలేదు. దళితుల్లోంచి లోక్‌సభ స్పీకరైన మొదటి మనిషి ఆయనే. ఏడాది తిరిగేసరికి జయలలిత గారు మద్దతు తీసేసేరు. బలం నిరూపించుకోమని రాష్ట్రపతి నారాయణన్ అడిగేరు. సరిగ్గా అప్పుడే గిరిధర్ గమాంగ్ పేచీ వచ్చింది. ఆయన ఫిబ్రవరిలోనే ఒరిస్సా ముఖ్యమంత్రి అయ్యేరు, ఎంపీ పదవికి మాత్రం ఇంకా రాజీనామా చెయ్యలేదు. ఎమ్మెల్యే కాకపోయినా ఆరు నెలల దాకా ముఖ్యమంత్రిగా ఉండొచ్చని రాజ్యాంగం చెప్తంది. కాబట్టి కాగితం మీద ఆయనింకా ఎంపీయే. ఓటెయ్యనివ్వొద్దని అధికార పక్షం గోల. బాలయోగి గారు ఆపలేదు, ఆ మాట గమాంగ్ గారి మనస్సాక్షికే వదిలేసేరు. గమాంగ్ సర్కారుకి ఎదురు ఓటేసేరు.

ఇంకో సంగతి. రెండు పక్కలా ఓట్లు సమానంగా వస్తే తప్ప స్పీకరు ఓటెయ్యకూడదు. అంటే ఆ రోజు అమలాపురం ఓటు లెక్కలోకే రాలేదు. అదే కుర్చీలో ఎదర పక్షం మనిషి ఉండుంటే, బాలయోగి గారి ఓటు ఇటు కలిసి, వాళ్ళ ఓటొకటి తగ్గి, 270–269తో సర్కారు నిలబడేది. కుర్చీ ఇచ్చి దోస్తీ కొనుక్కున్నామనుకున్నోళ్ళకి, ఆ కుర్చీయే ఒక ఓటు ఖరీదయ్యింది.

గమాంగ్ విషయంలో న్యాయం ఎటో ఇప్పటికీ వాదించుకోవచ్చు. ముఖ్యమంత్రిగా ఉండి ఢిల్లీలో ఓటెయ్యడం మర్యాద కాదన్నోళ్ళ మాటలోనూ బలముంది. కానీ ఒక ఎంపీ ఓటుని ఆపే హక్కు తనకి లేనప్పుడు, తన పార్టీ కోసం లేని హక్కుని సృష్టించుకోకపోవడం, అదీ బాలయోగి గారి గొప్ప. ఆ మధ్యంతర ఎన్నికల తర్వాత, 1999 అక్టోబరు 22న, ఆయన్ని మళ్ళీ స్పీకరుగా ఎన్నుకున్నప్పుడు సభంతా ఏకగ్రీవంగా ఒప్పుకుంది. ఆయన మీద కోపం నిజంగా మిగిలుంటే అలా జరిగేదా?

2002 మార్చి 3న భీమవరం నుంచి వస్తంటే, కైకలూరు దగ్గర చేపల చెరువులో హెలికాప్టరు కూలి చనిపోయేరు. యాభై ఏళ్ళు.

ఇప్పుడెందుకీ కథంటారా? 2024లో మళ్ళీ అదే లెక్క వచ్చింది. బీజేపీకి 240, టీడీపీకి 16. మన అమలాపురం ఎంపీ ఇప్పుడు బాలయోగి గారి అబ్బాయి హరీష్ మాథుర్ గారే. ఈసారి పొత్తు ఎన్నికల ముందే చెప్పి కట్టేరు, అది కొంత నయం. కానీ పొత్తనగానే మనకి గుర్తొచ్చేది ఎన్ని పదవులు, ఎన్ని కోట్లు అనే. అడగండి, తప్పులేదు. రైలు కావాలి, రేవుకి గట్టు కావాలి, కొబ్బరికి ధర కావాలి. వాటితో పాటు ఇంకోటి కూడా అడగండి. సొంత జట్టుకి నష్టమైనా రూలు పక్కన నిలబడతారా అని. ఒక్క ఓటుతో ఏటవుద్దిలే అని పోలింగు రోజు ఇంట్లో పడుకునేవాడికి 269, 270 అని చెప్పండి చాలు.